తెలుగు ముద్దుమాటలు ఇటాలియన్‌లో చెప్పడం ఎలా: తప్పులు చేసి నేర్చుకున్న పద్ధతి

ట్యూరిన్‌లో నేను అద్దెకున్న ఇంటి ఓనరు డెబ్బై దాటిన పెద్దావిడ. నాకు జ్వరం వచ్చిన మూడ్రోజులూ మినెస్త్రీనా అనే పల్చటి సూపు గిన్నెలో పోసి, తలుపు కొట్టి, నేను లేచి వచ్చేలోపు గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయేది. జ్వరం తగ్గాక ఆవిడకి మెసేజ్ పెట్టాను: గ్రాత్సియే, తి ఆమో, అంటే థాంక్స్, ఐ లవ్ యూ అని. అప్పటికి నాకొచ్చిన ఇటాలియన్ అంతే. మర్నాడు ఆవిడ కూతురు మెట్ల మీద నన్ను ఆపి, "మా అమ్మకి సంబంధం చూస్తున్నావా ఏంటి?" అని పడీపడీ నవ్వింది.

నేను చేసిందల్లా మీరంటే నాకు చాలా ప్రేమ అన్న మాటని మనసులో ఇంగ్లీషులోకి మార్చి, అక్కణ్ణించి ఇటాలియన్‌లోకి దూకడం. మనవాళ్ళలో చాలామంది చేసే తప్పు ఇదే. చదువుకోడానికి మిలాన్, రోమ్, ట్యూరిన్ వచ్చే పిల్లలైనా, ఇటలీ కోడలో అల్లుడో ఇంట్లో అడుగుపెట్టాక నాలుగు మాటలు నేర్చుకుందామనుకునే పెద్దలైనా, ఉంగరం మీద ఏదో చెక్కించుకుందామనుకునే జంటలైనా అంతే. ముద్దుమాటకి డిక్షనరీ అర్థంతో పెద్దగా పనిలేదు. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారన్నది ముందు తేల్చుకుంటే మాట దానంతటదే దొరుకుతుంది. కింద రాసినవన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

1. ముందు చెవి సరిచేసుకోండి

తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అంటారని మనం గొప్పగా చెప్పుకుంటాం. రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి, పోలిక అక్కడ మొదలైంది. కానీ మనకి నిజంగా పనికొచ్చే పోలికలు వేరే ఉన్నాయి, అవి ఇంగ్లీషువాళ్ళకి లేవు.

ఒకటి, త, ద. ఇటాలియన్‌లో ట, డ లేవు. పాస్తా అనాలి, పాస్టా అనకూడదు. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మీ ఉచ్చారణ సగం బాగుపడుతుంది. రెండు, ద్విత్వాలు. గుడికీ గుడ్డికీ తేడా మనకి పుట్టుకతో తెలుసు, ఇటాలియన్‌కి కావలసింది సరిగ్గా అదే చెవి. నోన్నో అంటే తాతయ్య, నోనో అంటే తొమ్మిదోది. కపెల్లి అంటే జుట్టు, కప్పెల్లి అంటే టోపీలు. పెన్నా అంటే పెన్ను, పేనా అంటే బాధ. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఆన్నో అనే మాటతో. ఆన్నో అంటే సంవత్సరం. ఒక్క నకారం మింగేసి ఆనో అన్నారో, అది మలద్వారం. నీ వయసెంత అని అడగడానికి క్వాంతి ఆన్ని ఆయ్ అంటారు, నీకు ఎన్ని ఏళ్ళున్నాయి అని దాని అర్థం. ఒత్తు తీసేసి అడిగితే ఏం అడిగినట్టో మీరే ఊహించుకోండి. ఇంగ్లీషువాళ్ళు ఈ గొయ్యిలో రోజూ పడతారు, మనం పడితే మాత్రం సిగ్గుచేటు.

ఇక అక్షరాల సంగతి. రోమన్ లిపిలో సి తర్వాత ఈ గానీ ఐ గానీ వస్తే చ అని పలకాలి, మధ్యలో హెచ్ దూరితే క. జి కూడా అంతే, జ అవుతుంది లేదా గ అవుతుంది. అందుకే అది బ్రుస్కెత్తా, బ్రుషెట్టా కాదు. జి, ఎన్ కలిస్తే న్య, లజాన్యాలో లాగా. జి, ఎల్, ఐ కలిస్తే ల్య. మాట మొదట్లో హెచ్ ఉన్నా పలకరు. వీటిని తెలుగు అక్షరాల్లో రాసి పెట్టుకోండి, మన లిపిలో ఇటాలియన్ చాలా చక్కగా ఒదుగుతుంది.

ఒత్తి పలికే చోటు కూడా ముఖ్యమే. నాన్నని పపా అనాలి, ఊపంతా చివర. మొదటి అక్షరం సాగదీసి పాపా అంటే పోప్ గారు. ఎత్తుకున్న పసిపిల్లని మనం "పాపా, ఇటు చూడు" అని పిలిస్తే పక్కనున్న ఇటాలియన్‌కి వాటికన్ గుర్తొస్తుంది.

2. ప్రేమా, ఆప్యాయతా? ముందు అది తేల్చండి

ఇటాలియన్‌లో ప్రేమ చెప్పడానికి రెండు పెద్ద దారులున్నాయి. తి ఆమో అన్నది ప్రేయసికి, ప్రియుడికి, భార్యకి, భర్తకి. తి వోల్యో బేనే అన్నది అమ్మకి, నాన్నకి, తాతకి, తోబుట్టువులకి, ప్రాణస్నేహితులకి. అక్షరాలా చెప్పాలంటే నీకు మంచి కోరుతున్నాను అని, మన పెద్దవాళ్ళు నీ మేలు కోరేవాణ్ణి అన్నట్టు. భార్యాభర్తలు కూడా ఒకరికొకరు తి వోల్యో బేనే అనుకుంటారు, తప్పేం లేదు. అయితే కొత్త ప్రేమలో ఉన్నవాడు తి ఆమో అంటే అవతలి అమ్మాయి తి వోల్యో బేనే అని జవాబిచ్చిందంటే పాపం అతని పని అయిపోయినట్టే, మనవైపు "నిన్నలా ఎప్పుడూ అనుకోలేదు" అన్నదానికి అది సమానం.

ఆలోచిస్తే ఇది మనకి కష్టమైన విషయమేం కాదు. అమ్మతో "అమ్మా, నిన్ను ప్రేమిస్తున్నాను" అని తెలుగులో ఎవరం అంటాం? ప్రేమించడం అనే క్రియ మనకీ ఒక జంట మధ్య మాటే. ఇంగ్లీషు మధ్యలో దూరితేనే ఈ తేడా చెరిగిపోతుంది.

డోసు పెంచాలంటే తి వోల్యో తాంతో బేనే అనండి. ఇంకా పెంచాలంటే తి వోల్యో ఉన్ మోందో ది బేనే, అంటే లోకమంత. నువ్వంటే నాకు ప్రాణం అనే మాటకి నేను వెతికిన వాటిలో బాగా దగ్గరకొచ్చింది తి వోల్యో ఉన్ బేనే దెల్లానిమా. ఆనిమా అంటే ఆత్మ, అంతలోతుగా అని. ఫోన్ మెసేజ్‌లో అక్షరాలు లెక్కపెట్టుకునే రోజుల్లో పిల్లలు దీన్ని టి, వి, బి అని మూడు అక్షరాలకి కుదించారు, తాంతో కలిపితే టి, వి, టి, బి.

ఒక హెచ్చరిక. చివర బేనే మర్చిపోకండి. తి వోల్యో అని ఆపేస్తే "నువ్వు కావాలి నాకు" అని, అదీ పడకగది గొంతుతో.

నువ్వంటే ఇష్టం అన్నది ఇంకో గొయ్యి. మి ప్యాచి అన్నది మాటకి మాట సరిపోతుంది, కానీ మనసు పడ్డాను అనే అర్థం వస్తుంది. క్లాస్‌మేట్‌తో స్నేహంగా అనాలనుకుంటే ఆ మాట జోలికి పోకుండా సేయ్ సింపాతికో అనండి, అమ్మాయైతే సింపాతికా. నీతో సరదాగా ఉంటుంది అన్నట్టు.

3. నువ్వా, మీరా?

తు అంటే నువ్వు. లేయ్ అంటే ఒక మనిషికి మీరు. వోయ్ అంటే చాలామందికి మీరు. మనకి రెండిటికీ ఒకటే మీరు కాబట్టి తికమక పడి ఒక పెద్దాయన్ని వోయ్ అంటాం. దక్షిణ ఇటలీలో కొన్నిచోట్ల పెద్దవాళ్ళకి ఇప్పటికీ వోయ్ నడుస్తుంది, మిగతాచోట్ల పాతకాలపు వాసన వేస్తుంది. అసలు ముస్సోలినీ ప్రభుత్వం 1938లో లేయ్ వాడకూడదు, అందరూ వోయ్ అనాలి అని హుకుం జారీ చేసింది. ఆ ప్రభుత్వం పోయింది, లేయ్ నిలబడింది.

మీ పలకరింపు దీన్నిబట్టి మారుతుంది. నువ్వు ఎలా ఉన్నావ్ అంటే కోమె స్తాయ్, మీరు ఎలా ఉన్నారు అంటే కోమె స్తా. సారీ చెప్పాలంటే నువ్వుకి స్కూజా, మీరుకి స్కూజి. చావ్ అన్నది నువ్వు అనుకునేవాళ్ళకి మాత్రమే, బేకరీ అతనికి బొంజోర్నో చెప్పండి. ఈ చావ్ అనే మాట వెనిస్ వైపు మాండలికంలో "మీ బానిసని" అనే మాట నుంచి వచ్చింది, అంటే మన దాసోహం అన్నమాట. అది ఇవాళ హాయ్, బై రెండూ అయి కూర్చుంది. ఇంటికి ఫోన్ చేసి ఉన్నప్పుడు రూమ్మేట్ వెళ్తూ వెళ్తూ "చావ్, చావ్!" అని అరిస్తే, అటుపక్క మా నాన్నమ్మ "ఎవడ్రా వాడు, పొద్దున్నే ఆ మాటలేంటి?" అని కోప్పడింది. నేను అర్థం చెప్పినా ఒప్పుకోలేదు.

అయితే ఇంట్లో లెక్క మనకి తిరగబడి ఉంటుంది. అమ్మమ్మనీ, నాన్ననీ, తాతయ్యనీ మనలో చాలా ఇళ్ళలో మీరు అంటారు. ఇటలీలో ఇవాళ ఎంత పెద్దవాళ్ళైనా ఇంటివాళ్ళకి తు. "అమ్మమ్మా, భోంచేశారా?" అన్నది నోన్నా, ఆయ్ మంజాతో అవుతుంది. అక్కడ లేయ్ పెట్టి ఆ మంజాతో అంటే అమ్మమ్మ ఏదో తప్పు చేశానేమో అని కంగారు పడుతుంది. అత్తమామలతో మాత్రం ముందు లేయ్ తోనే మొదలెట్టండి. వాళ్ళంతట వాళ్ళు ద్యామొచి దెల్ తు అంటారు, ఇకనుంచి నువ్వు అనుకుందాం అని. ఆ మాట పెద్దవాళ్ళే అనాలి, మనం అడగకూడదు.

4. బంగారం, కన్నా, బుజ్జి: వీటికి జోడీలు

బంగారం అంటే ఓరో. కానీ మామూలుగా ఎవర్నీ అలా పిలవరు, నగల షాపులో వాడే మాట అది. పిలుపు తెజోరో, అంటే నిధి. తెజోరో మీయో అంటే నా బంగారం. అమోరే మీయో అందరికీ తెలిసిందే, దాన్ని ప్రేయసికే కాదు, పసిపిల్లలకి కూడా పొద్దస్తమానం అంటారు. జోయా మీయా అంటే నా ఆనందమా, సిసిలీ వైపు బాగా వినబడుతుంది. స్తెల్లా అంటే నక్షత్రం. కూచ్చొలో అంటే కుక్కపిల్ల, పిల్లి కూన లాంటిది, ముద్దుగా పిలిస్తే బుజ్జికి బాగా సరిపోతుంది, ఆడపిల్లకైతే కూచ్చొలా. పతతీనో అంటే చిన్న బంగాళాదుంప. నవ్వకండి, మనం పండు అని పిలవట్లేదూ?

వరస గమనించండి. తెలుగులో నా బంగారం, ఇటాలియన్‌లో పిలుస్తున్నప్పుడు బంగారం నా. మీయో, మీయా చివరికి వెళ్తాయి. ఇంకో చిక్కు, మీయో కావాలా మీయా కావాలా అన్నది పిలిపించుకునే మనిషిని బట్టి కాదు, ఆ మాటని బట్టి. అమోరే పుంలింగం, కాబట్టి భార్యని పిలిచినా అమోరే మీయో యే. అమోరే మీయా అని ఉంగరం మీద చెక్కించుకుంటే జీవితాంతం అచ్చుతప్పుతో కాపురం చేయాలి. అదే స్తెల్లా స్త్రీలింగం, కొడుకునైనా స్తెల్లా మీయా అనాలి. కారో, కారా (ప్రియమైన), బెల్లో, బెల్లా (అందమైన), పిక్కొలో, పిక్కొలా (చిన్న) లాంటివి మాత్రం మనిషిని బట్టి మారతాయి.

మీ గురించి చెప్పుకున్నా అంతే. అలసిపోయాను అని మగవాడు సోనో స్తాంకో అంటాడు, ఆడమనిషి సోనో స్తాంకా అంటుంది. ఎవరో రాసిన వాక్యాన్ని ఎత్తి రాసుకునేటప్పుడు రాసింది మగో ఆడో చూసుకోకపోతే ఇక్కడే దొరికిపోతారు.

ఇప్పుడు అసలైన చిక్కు. కొడుకుని మనం "నాన్నా, తిన్నావా?" అంటాం, కూతుర్ని "అమ్మా, తల్లీ" అంటాం. ఈ తలకిందుల పిలుపు దక్షిణ ఇటలీ మాండలికాల్లో కొన్నిటిలో ఉంది గానీ, మామూలు ఇటాలియన్‌లో వాడరు. అనువాదం యాప్ దాన్ని పపా అని మార్చేస్తే అయిదేళ్ళ పిల్లాడిని నాన్నని చేసినట్టవుతుంది. దీనికి వాళ్ళ దగ్గరున్న జవాబు నాకు భలే నచ్చింది: అమోరే ది మామ్మా, అంటే అమ్మ ప్రేమా. అమ్మే తన పిల్లాడిని అలా పిలుస్తుంది. అమ్మమ్మ అయితే బెల్లో ది నోన్నా, "అమ్మమ్మ అందగాడా" అన్నట్టు. పిలిచేవాళ్ళు తమ పేరుని పిలుపులో కలిపేసుకోవడం రెండు చోట్లా ఉంది, దారి వేరు.

నా ప్రాణమా అనాలంటే వీతా మీయా అని ఉంది, జీవితమా అని. ఆనిమా మీయా కవిత్వంలా ఉంటుంది. సిసిలీ మాండలికంలో శాతు మీయు అంటారు, నా ఊపిరీ అని. మన ప్రాణానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు ఇంకెక్కడా కనబడలేదు. కాకపోతే మిలాన్‌లో పుట్టిన అమ్మాయితో అంటే, రాయలసీమ యాస రానివాడు సీమ యాస పెట్టినట్టుంటుంది.

రా, ఒరేయ్, అన్నా లాంటివి? వీటికి ఊరుని బట్టి జవాబు. మిలాన్ కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు త్సీయో అనుకుంటారు, బాబాయ్ అని అర్థం. చాలాచోట్ల ఫ్రా అంటారు, తమ్ముడూ అనే మాటకి తోక కోసింది. అమ్మాయిలు అమోరేని అమో అని తుంచి స్నేహితురాళ్ళని పిలుస్తారు. మీకు ముప్ఫై దాటితే ఇవి వాడకండి, చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుంది.

5. చిట్టి చేతులు, బుజ్జి ముక్కు

మనం ముందు చిట్టి, బుజ్జి అని తగిలిస్తాం. వాళ్ళు వెనకాల ఈనో, ఈనా, ఎత్తో, ఉచ్చో తగిలిస్తారు. చేతులు మానీ, చిట్టి చేతులు మనీనే. ముక్కు నాజో, బుజ్జి ముక్కు నజీనో. పాదాలు ప్యేది, చిట్టి పాదాలు ప్యెదీని. నోన్నా నుంచి నొన్నీనా, తెజోరో నుంచి తెజొరూచ్చో. పసిపిల్లల్ని ఎత్తుకుంటే ఇటాలియన్‌లో ఇక మామూలు మాట ఒక్కటి ఉండదు, అన్నిటికీ తోకలే.

కానీ ఇష్టమొచ్చినట్టు తగిలిస్తే కుదరదు. కాసా అంటే ఇల్లు. చిన్న ఇల్లు కసెత్తా. కసీనో అన్నారంటే అది గందరగోళం, పాత అర్థంలో వేశ్యావాటిక. "మీ కసీనో చాలా బాగుంది" అని ఎవరింట్లోనూ అనకండి. బాచో అంటే ముద్దు, చిన్న ముద్దు బచెత్తో. బచీనో అని కూడా అంటారు, కానీ ఆ మాటకి కటి ఎముక అనే అర్థం కూడా ఉంది. పెద్ద ముద్దు బచోనే. మెసేజ్ చివర బాచి అనో, ఉన్ బచోనే అనో, ఉన్ అబ్బ్రాచ్చో అనో రాస్తారు. చివరిది కౌగిలింత, అన్నిటికంటే సేఫ్. పెరూజా ఊళ్ళో 1922 నుంచి తయారవుతున్న చాక్లెట్ పేరే బాచి, ప్రతి దాని లోపలా ప్రేమ గురించి ఒక కాగితం చుట్టి ఉంటుంది. ముద్దుమాటలు ఊరికే నేర్చుకోవాలంటే ఒక డబ్బా కొనుక్కోవచ్చు, ఖర్చుకి నేను బాధ్యుణ్ణి కాదు.

6. వరసలు

ఇక్కడ మనం నష్టపోతాం, ఒప్పుకోవాల్సిందే. అమ్మమ్మా నాన్నమ్మా ఇద్దరూ నోన్నా. బాబాయ్, పెదనాన్న, మావయ్య ముగ్గురూ త్సీయో. బావ, మరిది, బావమరిది అందరూ కొన్యాతో, వదినా మరదలూ కొన్యాతా. నిపోతే అన్న మాట మరీ అన్యాయం, మనవడూ అదే, మేనల్లుడూ అదే. ఎవరిదో తెలియాలంటే పక్కన వివరం చెప్పాల్సిందే. అక్కని అక్కా అని పిలవడం అసలు లేదు, పేరు పెట్టి పిలుస్తారు. కాబట్టి "బావా" అనే పిలుపులో ఉన్న సరసాన్నీ, "వదినా" లోని చనువునీ అనువదించే ప్రయత్నం మానేయండి. ఆ మాటని అలాగే తెలుగులో ఉంచి, ఒకసారి అర్థం చెప్పి వాడుకోండి. ఇటాలియన్‌వాళ్ళకి బావా అని పలకడం చిటికెలో పని.

నా అమ్మ అనాలంటే మీయా మాద్రే. ముద్దుపేరు వస్తే ముందు లా చేరుతుంది: లా మీయా సొరెల్లీనా, నా చిట్టి చెల్లి. చెల్లి అని ఒక్క మాట ఉండటంలోని సుఖం అప్పుడు తెలుస్తుంది. లా మీయా రగాత్సా అంటే "మా అమ్మాయి" కాదు, నా గర్ల్‌ఫ్రెండ్.

7. "నాకు" వాక్యాల్లో మనదే పైచేయి

నాకు కాఫీ ఇష్టం. ఇందులో నేను కర్తని కాదు, కాఫీయే కర్త, నాకు అది నచ్చుతోంది. ఇటాలియన్‌లోనూ సరిగ్గా అంతే: మి ప్యాచే ఇల్ కఫ్ఫే. మి అంటే నాకు. ఇంగ్లీషు ద్వారా వెళ్ళేవాళ్ళు ఇక్కడ నెలల తరబడి తంటాలు పడతారు. మీరు తెలుగు నుంచి నేరుగా వెళ్ళండి.

నువ్వు లేక వెలితిగా ఉంది అన్నదానికి మి మాంకి అంటారు. నాకు నువ్వు లోటు అని అర్థం, లోటు అయ్యేది నువ్వు. తి మాంకో అంటే తిరగబడి "నేను లేక నీకు వెలితిగా ఉందా?" అవుతుంది. అమ్మ లేక వెలితి అయితే మి మాంకా మీయా మాద్రే. అమ్మా నాన్నా ఇద్దరూ అయితే మి మాంకనో ఇ మ్యేయ్.

నువ్వు గుర్తొస్తున్నావ్ అనే మాటని మాత్రం జ్ఞాపకం అనే క్రియతో కట్టకండి. మి రికోర్ది అంటే "నిన్ను చూస్తే ఇంకెవరో గుర్తొస్తున్నారు" అని. ప్రియురాలితో అనాల్సిన మాట కాదు కదా. తి పెన్సో అనండి, నీ గురించే ఆలోచిస్తున్నా అని.

అన్నిటికీ "నాకు" పనిచేయదు కూడా. ఆకలి, నిద్ర, చలి ఇటాలియన్‌లో మన దగ్గర ఉండే వస్తువులు. ఓ ఫామే, నా దగ్గర ఆకలి ఉంది. వేడిగా ఉంది అనడానికి ఓ కాల్దో. సోనో కాల్దో అంటే బూతు అర్థం వస్తుంది, ఎండాకాలంలో బస్సులో నిలబడి గట్టిగా అనకండి.

8. రోజూ వాడే ఆప్యాయత

అసలు మనలో ప్రేమ ఎక్కువగా చెప్పేది ప్రేమ అనే మాటతో కాదు, "తిన్నావా?" అని. ఇటలీ అమ్మలూ అంతే. ఆయ్ మంజాతో అన్నది మాటకి మాట, బరువుకి బరువు సరిపోయే అరుదైన అనువాదం. రెండు భాషల్లోనూ నువ్వు అనే మాట అక్కర్లేదు, క్రియే చెప్పేస్తుంది.

జాగ్రత్త మరి, చెప్తున్నా అని గుమ్మంలో నిలబడి మన అమ్మ అనే మాట? మి రక్కొమాందో. పరీక్షకి వెళ్తున్నా, బండి తీస్తున్నా, కొత్తకోడలు పుట్టింటికి వెళ్తున్నా అదే. ఒంట్లో జాగ్రత్త అనాలంటే రిగ్వార్దతి, మీరు అనేవాళ్ళకి సి రిగ్వార్ది. విడిపోయేటప్పుడు స్తామ్మి బేనే అంటారు, "నా కోసం బాగుండు" అని, నాకు చాలా ఇష్టమైన మాట.

వెళ్ళొస్తా కొంచెం చిక్కు. వాదో ఎ తోర్నో అంటే వెళ్ళి వస్తాను అనే, కానీ దుకాణానికి వెళ్ళి పది నిమిషాల్లో వచ్చేస్తా అనే అర్థంలో వాడతారు. ఏడాదికి హైదరాబాద్ వెళ్తూ అలా అంటే మా ఓనరావిడ కాఫీ పొయ్యి మీద పెట్టి కూర్చుంటుంది. ఆ ప్రేస్తో అనండి, త్వరలో కలుద్దాం.

పిల్లలు తుమ్మితే మనం చిరంజీవ అంటాం, వాళ్ళు సలూతే అంటారు, ఆరోగ్యం అని. పుట్టినరోజుకి నిండు నూరేళ్ళు చల్లగా ఉండు అని దీవించాలంటే చెంతో ది క్వెస్తి జోర్ని, ఇలాంటి రోజులు వంద రావాలని. పాపం అనే మన మాటకి పొవెరీనో, ఆడవాళ్ళకి పొవెరీనా. అమ్మో అంటే మామ్మా మీయా, అబ్బబ్బా అని విసుక్కోవాలంటే ఊఫ్ఫా. ఫర్లేదులే, అదెంత పని అనడానికి ఫిగూరతి. పరీక్షకి వెళ్ళేవాడికి ఇన్ బోక్కా అల్ లూపో, తోడేలు నోట్లోకి అని. దానికి క్రేపి అని జవాబివ్వాలి, తోడేలు చావాలి అని. శుభమా అంటూ ఇదేం దీవెన అని నేనూ అనుకున్నాను.

దిష్టికి కూడా మాట ఉంది: మలోక్క్యో. నేపుల్స్‌లో దిష్టికి ఎర్ర కొమ్ము బొమ్మ వేలాడదీస్తారు, మనం నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టినట్టు. దాని పేరు కొర్నెత్తో, పొద్దున్న కాఫీతో తినే బన్నుదీ అదే పేరు.

9. ఇంగ్లీషు చేసే మోసాలు

మా ఇంటి ఆవకాయ ఇస్తూ ఇందులో ప్రిజర్వేటివ్స్ లేవండీ అని చెప్పాలనుకున్నారనుకోండి. ప్రెజెర్వతీవి అంటే కండోమ్‌లు. సెంత్సా కొన్సెర్వాంతి అనాలి. పరేంతి అంటే పేరెంట్స్ కాదు, చుట్టాలు. నా పరేంతి వస్తున్నారు అంటే మొత్తం బలగం దిగుతోందనుకుంటారు, అమ్మానాన్నలు జెనితోరి. లాత్తే అడిగితే గ్లాసుడు పాలిస్తారు. పెపెరోని అంటే క్యాప్సికమ్. కామెరా అంటే గది. లిబ్రెరీయా అంటే పుస్తకాల షాపు.

యాప్‌లో పెట్టి చూడటం తప్పు కాదు. కానీ తెలుగు వాక్యంలో మీరు, నువ్వు తేడా, ఆడా మగా తేడా దారిలో ఎక్కడ జారిపోయిందో చూసుకోండి. వచ్చిన ఇటాలియన్‌ని మళ్ళీ తెలుగులోకి తిప్పి చూడండి, అప్పుడు సగం తప్పులు బయటపడతాయి. అనుమానం ఉన్న మాటని ట్రెక్కాని డిక్షనరీలో చూడొచ్చు, ఆన్‌లైన్‌లో ఉంది. 1583లో ఫ్లోరెన్స్‌లో మొదలైన క్రూస్కా అకాడమీ ఇప్పటికీ జనం అడిగే భాషా సందేహాలకి జవాబులు రాస్తుంది. పచ్చబొట్టు, ఉంగరం లాంటివైతే ఒక ఇటాలియన్ మనిషికి చూపించకుండా ముందుకి వెళ్ళకండి, లింగం, ద్విత్వం, చివరి అక్షరం మీద గీత (నాన్న అనే పపా చివర ఊపు చూపించడానికి పెట్టేలాంటిది), ఈ మూడూ అడగండి.

10. ఒక మెసేజ్ మొదటినుంచి చివరిదాకా

జ్వరం తగ్గాక మా ఓనరావిడకి నేను చెప్పాలనుకున్నది ఇది: "అమ్మా, సూపుకి చాలా థాంక్స్. జ్వరం తగ్గింది. మా అమ్మ దగ్గర లేదని బెంగగా ఉంది, కానీ మీరుంటే మా ఇంట్లో ఉన్నట్టే ఉంది. మీరూ ఒంట్లో జాగ్రత్త. ఆదివారం పులిహోర చేస్తున్నా, రండి."

ఎవరు ఎవరితో? అద్దెకున్న కుర్రాడు పెద్దావిడతో. కాబట్టి లేయ్. అమ్మా అన్న పిలుపు మామ్మా కాదు, కారా సిన్యోరా. థాంక్స్‌కి గ్రాత్సియే ది క్వోరే, గుండెలోంచి. బెంగకి మి మాంకా. పులిహోరకి మాట లేదు, చింతపండు అన్నం అని చెప్పేయడమే. అలా కూర్చి పంపింది ఇదీ:

"కారా సిన్యోరా, గ్రాత్సియే ది క్వోరే పెర్ లా మినెస్త్రీనా. లా ఫేబ్రే ఎ పస్సాతా. మి మాంకా తాంతో మీయా మాద్రే, మా కోన్ లేయ్ మి సేంతో ఆ కాసా. సి రిగ్వార్ది ఆంకే లేయ్, మి రక్కొమాందో. దొమేనికా ప్రెపారో ఇల్ రీసో అల్ తమరీందో, లాస్పేత్తో. ఉన్ అబ్బ్రాచ్చో."

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "మా దామ్మి దెల్ తు, తెజోరో!" నన్ను నువ్వు అనరా బంగారం, అని. అక్కణ్ణించి లెక్క మారిపోయింది. కోన్ లేయ్ పోయి కోన్ తె వచ్చింది, సి రిగ్వార్ది పోయి రిగ్వార్దతి, లాస్పేత్తో పోయి తి అస్పేత్తో. ఆదివారం ఆవిడ రెండోసారి పులిహోర వడ్డించుకుంటుంటే తి వోల్యో బేనే అన్నాను, ఈసారి మెట్ల మీద ఎవరూ ఆపలేదు.